పిల్లలతో పట్నం వెళ్లే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. శని, ఆదివారాలు పిల్లలనూ మీ అత్తగారినీ తీసుకుని దగ్గర్లోని నగరానికి వెళ్తున్నామనీ, చూడాల్సినవి తొమ్మిది రాసి పెట్టుకున్నామనీ ఫోనులో చెప్పావు. ఆ తొమ్మిదీ విన్న దగ్గర్నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఇరవై ఆరేళ్లు బడిపిల్లల్ని విహారయాత్రలకు తిప్పాను, నా ముగ్గురినీ తిప్పాను. ఆ చనువుతో చెబుతున్నాను, పూటకు ఒక్కటే పెట్టుకోండి. రెండు రోజులకు నాలుగు పూటలు, అందులో ఒకటి తిరుగు ప్రయాణానికి పోతుంది. మిగిలేది మూడు. తక్కిన ఆరూ కొట్టెయ్. నగరం దగ్గర్లోనే ఉంది, ఇంకో నెలలో మళ్లీ వెళ్లొచ్చు.

నీ చిన్నదానికి నాలుగేళ్లు, పెద్దవాడికి పదకొండు. ఇద్దరికీ ఒకేసారి నచ్చే చోటు జూ. శనివారం గేటు తెరిచే వేళకే అక్కడ ఉండండి. జంతువుల్లో చాలావాటికి పొద్దుటి పూట, సాయంత్రం చల్లబడ్డాకనే సందడి. సింహం రోజులో 16 నుంచి 20 గంటలు పడుకునే ఉంటుంది. మధ్యాహ్నం వెళ్తే చెట్టుకింద ఒక పసుపు ముద్ద కనిపిస్తుంది, అంతే. లోపలికి వెళ్లగానే మేత పెట్టే వేళలు రాసిన బోర్డు కోసం చూడు. ఆ వేళలను బట్టే తిరగండి, దారిలో ఏది ముందొస్తే అది చూసుకుంటూ పోకండి. ఎండ ముదిరాక రాత్రించర జంతువుల గది ఉంటే అందులోకి వెళ్లండి. అక్కడ పగలు దీపాలు తగ్గించి రాత్రి వెలిగిస్తారు, కాబట్టి మిగతా జూ అంతా కునుకు తీసే వేళకు అందులోని జీవాలు మేలుకుని ఉంటాయి.

జూ మొత్తం తిరగాలన్న పట్టుదల వద్దు. నాలుగైదు జంతువుల దగ్గర పావుగంట చొప్పున నిలబడండి. ఊరికే నిలబడితే పిల్లలు విసుగుపడతారు, చేతికి ఒక ప్రశ్న ఇవ్వాలి. జిరాఫీ దగ్గర పెద్దవాణ్ణి అడుగు, దాని మెడలో ఎన్ని ఎముకలుంటాయని. ఏ యాభయ్యో అంటాడు. ఏడే, మన మెడలోనూ ఏడే అని చెప్పి వాడి చేత వాడి మెడ తడిమించు. ఏనుగు దగ్గర తొండం కొస చూడమను. ఆసియా ఏనుగుకు అక్కడ వేలులాంటిది ఒకటి, ఆఫ్రికా ఏనుగుకు రెండు. ముందున్నది ఏదో వాడే తేల్చాలి. ఇలా చూసిన పిల్లలు ఇంటికొచ్చాక కూడా ఆ మాటే మాట్లాడతారు.

ఒక సంగతి చెప్పాలి. మా రెండోవాడు అయిదేళ్లప్పుడు ఒక జూలో తప్పిపోయాడు. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి. నేను ముందుకు పరుగెత్తి వెతికాను. వాడు వెనక, అప్పటికే మేము చూసి వచ్చేసిన కోతుల దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్లలు నచ్చినదాని దగ్గరికి తిరిగి వెళ్తారు, అందుకే ముందు వెనక్కి వెతకాలి. ఆ రోజు నుంచి మూడు పనులు మానలేదు. బయలుదేరేటప్పుడు పిల్లలకు ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయాలి, ఎందుకంటే ఆ కంగారులో చొక్కా రంగు కూడా గుర్తురాదు. నీ ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టాలి. తప్పిపోతే కదలకుండా నిలబడమనీ, యూనిఫాంలో ఉన్నవాళ్లకు చెప్పమనీ గేటు దగ్గరే నేర్పాలి. ఆ యూనిఫాం ఎలా ఉంటుందో అక్కడే వేలుపెట్టి చూపించు.

శనివారం మధ్యాహ్నం ఎక్కడికీ వద్దు. భోజనం చేసి గదిలో పడుకోండి. చిన్నది నిద్రపోకపోతే సాయంత్రం నలుగురికీ పాడవుతుంది. లేచాక తీరిగ్గా మొక్కల తోటకు వెళ్లండి. ఇది మీ అత్తగారి పూట. ఆమెకు మోకాళ్ల నొప్పులు కదా, తోటలో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. మొక్కలు గుర్తుపట్టడం ఆమెకు తెలుసు, పిల్లలకు ఆమెనే చెప్పనివ్వు. ఇటలీలోని పాడువాలో 1545లో వేసిన తోట ఇప్పటికీ అదే చోట ఉంది. వైద్యం చదివే కుర్రాళ్లు మందు మొక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకోవాలనే దాన్ని వేశారు. ఆ పని మీ పిల్లలకు నాయనమ్మ చేసిపెడుతుంది. జూలో మాత్రం ఆమెను నడిపించొద్దు. బ్యాటరీ బండి గానీ చక్రాల కుర్చీ గానీ ఉందేమో గేటు దగ్గరే అడుగు. మొహమాటపడితే మధ్యాహ్నానికి ఆమె కాళ్లు వాచిపోతాయి.

ఆదివారం పొద్దున సైన్సు మ్యూజియం. పాత వస్తువుల మ్యూజియం నీకిష్టమని తెలుసు, కానీ నాలుగేళ్ల పిల్లకు అద్దం వెనక వస్తువులు ఎక్కవు. పిల్లలకోసమే మొదటి మ్యూజియం 1899లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పెట్టారు. చేత్తో ముట్టుకుని, తిప్పి, లాగి చూసే పద్ధతిని ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ అనే భౌతికశాస్త్రవేత్త 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం అనే మ్యూజియం పెట్టి లోకమంతటికీ చూపించాడు. మీరు వెళ్లే చోటు కూడా అలాంటిదో కాదో ముందే కనుక్కో. చిన్నది ఒక్క మీట దగ్గరే అరగంట నిలబడితే నిలబడనివ్వు. "పద, ఇంకా చాలా ఉన్నాయి" అనే మాట మాత్రం ఆ పూట నీ నోట రాకూడదు.

మ్యూజియంలో అలసిపోవడం పిల్లల తప్పు కాదు. బోస్టన్‌లోని ఒక కళా మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీని మీద రాశాడు. అరల్లోని వస్తువులు చూడ్డానికి మనిషి ఎలా వంగాల్సి వస్తుందో, ఎలా మెడ సాచాల్సి వస్తుందో ఫోటోలు తీయించి మరీ చూపించాడు. పెద్దవాళ్ల పాటే అలా ఉంటే, మన నడుము ఎత్తున ఉన్న పిల్ల సంగతి ఆలోచించు. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తు నుంచి చూడు, అక్కణ్ణుంచి సగం అరలు కనిపించవు. ఎత్తుకుని చూపించు, గంటన్నరకు బయటికొచ్చెయ్యండి.

మ్యూజియం పక్కనే తారామండలం, అంటే గోపురం లోపలి కప్పు మీద నక్షత్రాల ఆకాశాన్ని చూపించే చోటు, ఉంటే అది పెద్దవాడికి. 1923లో జర్మనీలో మొదలైన ప్రొజెక్టరు విద్య అది, వాడికి తప్పక నచ్చుతుంది. చిన్నది చీకటికి భయపడుతుందేమో, దాన్ని నువ్వు బయట ఆడించుకో, వాణ్ణి వాళ్ల నాన్న తీసుకెళ్తాడు. వెనక వరసల్లో కూర్చోమను, గోపురం మొత్తం కళ్లకు అందుతుంది. ఆట మొదలయ్యాక చాలాచోట్ల లోపలికి రానివ్వరు కాబట్టి పది నిమిషాల ముందే చేరాలి.

రాట్నాలు, జారుడు బండలు ఉండే పెద్ద వినోదోద్యానం ఈసారి వద్దు. చాలా ఆటలకు ఎత్తు నిబంధన ఉంటుంది. ఒకరు ఎక్కడం, ఇంకొకరు కింద నిలబడి ఏడవడం. చిన్నది ఆ గీత దాటాక చూసుకోవచ్చు. వాన పడితే తోట మానేసి అక్వేరియానికి వెళ్లండి. అద్దం మీద కొట్టకూడదనీ, ఫ్లాష్ వేయకూడదనీ ముందే చెప్పు. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని చెబితే పెద్దవాడు అక్కణ్ణుంచి కదలడు.

ప్రయాణం ఎప్పుడైనా సోమవారానికి జరపాల్సి వస్తే మ్యూజియంకు ముందు ఫోను చేసి కనుక్కో, చాలావాటికి ఆ రోజే సెలవు. ఎక్కడికి వెళ్లినా మొదట మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుని, తరవాతే టికెట్ల వరసలో నిలబడు. చిన్నదానికి ఇంకో జత బట్టలు సూట్‌కేసులో కాకుండా భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉంచు.

బయలుదేరే ముందు రోజు ఆ మూడింటి పేర్లు పిల్లలకు చెప్పి, ఏది ముందో పెద్దవాణ్ణే తేల్చమను. జూ మాత్రం పొద్దుటి పూటకే ఉండాలి, ఆ ఒక్కటీ నువ్వు వదులుకోకు. ఆదివారం రాత్రి ఇంటికి చేరగానే ఒక్క ఫోను చెయ్యి, మెలకువగానే ఉంటాను. మీ అత్తగారి మోకాళ్లు ఎలా ఉన్నాయో అప్పుడు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ