థైరాయిడ్ ఉన్నవారు, రసాయనాల మధ్య పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బెంగ: "నాకు థైరాయిడ్ ఉంది, నా పనిలో రసాయనాలున్నాయి, పని మానేయాలా?" దీనికి అందరికీ ఒకే జవాబు ఉండదు. మీ థైరాయిడ్ గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోందా, లేక ఆపరేషనులో తీసేసి మొత్తం హార్మోను మాత్ర మీదే ఉన్నారా? ఆ రసాయనం పేరేమిటి? అది ఒంట్లోకి చేరేది చర్మం నుంచా, ముక్కు నుంచా, నోటి నుంచా? ఈ మూడూ తెలిస్తేనే ఏదైనా చెప్పగలం. గ్రంథిని అడ్డుకునే రసాయనం, గ్రంథే లేనివారిని ఆ దారిలో ఏమీ చేయలేదు. సగం పనిచేసే గ్రంథి ఉన్నవారికి మాత్రం అదే రసాయనం ఇబ్బంది తెస్తుంది.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైపోథైరాయిడ్‌కు (థైరాయిడ్ హార్మోను తక్కువ కావడం) రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. నాగావళి ఒడ్డున టమాటా, వంగ, మిరప పండిస్తాను. తెగుళ్లకు ఎం-45 కొడతాను. ఆకుపచ్చ ముక్కోణం ఉన్న మందుకు భయపడక్కర్లేదని దుకాణంలో చెబుతున్నారు. నిజమేనా?
— రైతు, ఆమదాలవలస

ఆ ముక్కోణం రంగు చెప్పేది ఒక్కటే: మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత మోతాదులో ప్రాణం మీదికి వస్తుందన్నది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తగిలితే గ్రంథికి ఏమవుతుందో ఆ రంగు చెప్పదు.

ఎం-45లో ఉండేది మాంకోజెబ్. తడి, వేడి తగిలితే అది విడిపోయి ఇథిలిన్ థయోయూరియా అనే పదార్థం పుడుతుంది. హార్మోను తయారీకి గ్రంథి వాడుకునే థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. హైపర్‌థైరాయిడ్‌కు, అంటే హార్మోను ఎక్కువైనవారికి, ఇచ్చే కార్బిమజోల్ మాత్ర పనిచేసేది కూడా ఆ ఎంజైము మీదే. ఒకరికి వైద్యంగా చేసే పనిని మీ ఒంట్లో ఈ మందు అక్కర్లేకుండా చేస్తుందన్నమాట. అమెరికాలో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతు కుటుంబాలను పరిశీలించినప్పుడు, ఈ జాతి మందులు వాడిన స్త్రీలలో హైపోథైరాయిడ్ ఎక్కువగా కనిపించింది. ఆ మందే కారణమని దానితో రుజువు కాదు. అయినా మీలాంటివారు జాగ్రత్తపడటానికి ఆ మాత్రం చాలు.

వ్యవసాయం మానమని చెప్పం. పద్ధతి మార్చుకోండి. గత ఏడాది మిగిలిన పొట్లం, గాలి తగిలి గడ్డకట్టిన పొడి వాడకండి. అందులో ఇథిలిన్ థయోయూరియా అప్పటికే పుట్టి ఉంటుంది. కలిపిన మందును రాత్రంతా ట్యాంకులో ఉంచి పొద్దున కొట్టడమూ అంతే. లీటరుకు 2.5 గ్రాముల చొప్పున 16 లీటర్ల ట్యాంకుకు 40 గ్రాములు చాలు. గుప్పెళ్లతో కొలిస్తే ఇది రెట్టింపు దాటడం మామూలే. చిన్న తూకం కొనుక్కోండి.

అన్నిటికన్నా ఎక్కువ మందు ఒంట్లోకి చేరేది కొట్టేటప్పుడు కాదు, కలిపేటప్పుడు. పొడి లేచేది అప్పుడే. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, బకెట్‌లో కొద్ది నీళ్లు పోసి, పొడి వేసి కర్రతో ముద్దగా కలిపి, ఆ తర్వాత ట్యాంకులో పోయండి. ఆ సమయంలో ఎన్-95 మాస్కు పెట్టుకోండి, అది పొడిని, తుంపరను ఆపుతుంది. పురుగుమందుల ఆవిరిని మాత్రం ఆపలేదు, దానికి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. చేతికి నైట్రైల్ తొడుగులు వేసుకోండి. టమాటా లాంటి పొట్టి పంటకు చొక్కా చేతులను తొడుగుల మీదికి లాగండి, కారిన మందు తొడుగు లోపలికి దిగదు. చేతులెత్తి కొట్టే పందిరి పంటలకు దీన్ని తిరగేయాలి.

ట్యాంకు మూత వాషరు అరిగి వీపు తడుస్తుంటే అదే రోజు మార్చండి. తడిసిన చొక్కా గంటలకొద్దీ ఒంటికి అంటుకుని ఉండటం కన్నా చెడ్డది లేదు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకండి, పాత టూత్‌బ్రష్ వాడండి. పని అయ్యాక ఇంట్లో కూర్చోకుండా ముందు సబ్బుతో స్నానం చేయండి.

ఇంకో మాట. మాంకోజెబ్ తెగులు రాకుండా ఆపేదే గానీ ఆకు లోపలికి దిగిన తెగులును నయం చేయదు. తోటంతా మాడిపోయాక వారానికోసారి కొట్టడం డబ్బుకూ ఒంటికీ దండగ. మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం పెట్టి, కర్రలకు కట్టి, కింది ఆకులు తీసేస్తే పిచికారీల సంఖ్యే తగ్గుతుంది. కొన్ని విడతల్లో దాని బదులు కాపర్ ఆక్సీ క్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టవచ్చు. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద చూసి ఆగండి. కూరగాయ మీద మిగిలిన మందు పొయ్యి వేడికి కూడా ఇథిలిన్ థయోయూరియాగా మారుతుంది, కాబట్టి వంటకు తరగకముందే రుద్ది కడగాలి.

సీజను మొదలయ్యే ముందొకసారి, వరసగా కొట్టడం మొదలైన 6 నుంచి 8 వారాలకు మరోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు అంకె పెరిగే రక్తపరీక్ష) చేయించండి. రెండూ ఒకే ల్యాబులో, పొద్దున మాత్ర వేసుకోకముందు. అంకె పెరిగితే మాత్ర మోతాదు మార్చాలి. ఆ పని మీ డాక్టరుది.

ప్రశ్న: జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడతాను. చేతులు నల్లబడి పగుళ్లు వస్తున్నాయి, పొగ కూడా ఎక్కువ. 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నా నా టీఎస్‌హెచ్ 11 దగ్గరే ఉంటోంది. ఆ పొగ వల్లేనా?
— కార్మికురాలు, పలాస

జీడిపిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, కాల్చినప్పుడు వచ్చే పొగ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. అయినా టీఎస్‌హెచ్ దిగకపోవడానికి మేం ముందు అనుమానించేది పొగను కాదు, మాత్ర వేళను. తెల్లవారకముందే పనికి బయల్దేరే చాలామంది మాత్రను టీతోనో, రక్తహీనతకు ఇచ్చిన ఐరన్ మాత్రతోనో కలిపి మింగేస్తారు. అలా వేస్తే అందులో కొంత భాగం పేగు నుంచి రక్తంలోకి వెళ్లదు. పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి టీ తాగండి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. పొద్దున కుదరకపోతే డాక్టరుకు చెప్పి రాత్రి భోజనమైన 3 గంటలకు వేసుకోండి, అదీ బాగా పనిచేస్తుంది. మాత్రల సీసా బట్టీ పక్కన, పొయ్యి గట్టున పెట్టకండి. వేడికి, చెమ్మకు మందు బలం తగ్గుతుంది. ఇలా 6 వారాలు చేశాక మళ్లీ పరీక్ష చేయించండి.

చేతుల సంగతి వేరు. హైపోథైరాయిడ్‌లో చర్మం ఎటూ పొడిబారుతుంది, పగిలిన చర్మంలోకి జీడినూనె ఇంకా లోతుగా దిగుతుంది. పని మొదలయ్యే ముందు చేతులకు ఆముదం దట్టంగా పట్టించి, మధ్యమధ్య మళ్లీ రాయండి. రబ్బరు తొడుగులు నూనెకు మెత్తబడి చిరుగుతాయి, నైట్రైల్‌వి నిలుస్తాయి. మీ పని చోటు బట్టీకి గాలి వచ్చే వైపు ఉండేలా అడగండి, పొగ అవతలికి పోతుంది.

ప్రశ్న: పైడిభీమవరంలో మందుల కంపెనీలో రియాక్టర్ దగ్గర పనిచేస్తాను. టోలుయీన్, డైక్లోరోమీథేన్ వాడతాం. మూడు నెలల క్రితం హైపర్‌థైరాయిడ్ అన్నారు, కార్బిమజోల్ ఇచ్చారు. కొనసాగవచ్చా?

అదుపులోకి రాని హైపర్‌థైరాయిడ్‌లో గుండె అప్పటికే వేగంగా, కొన్నిసార్లు లయ తప్పి కొట్టుకుంటుంది. డైక్లోరోమీథేన్ లాంటి క్లోరిన్ ద్రావకాలు ఎక్కువ మోతాదులో పీలిస్తే గుండె లయ తప్పే అవకాశం పెరుగుతుంది. పైగా డైక్లోరోమీథేన్ ఒంట్లో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తంలో ప్రాణవాయువు మోసే శక్తిని తగ్గిస్తుంది. అందుకే మీ హార్మోన్లు మామూలు స్థాయికి వచ్చేదాకా ఛార్జింగ్ (రియాక్టర్‌లో రసాయనాలు వేయడం), శాంప్లింగ్ (నమూనా తీయడం), ట్యాంకు శుభ్రం చేసే పనుల నుంచి వేరే విభాగానికి మార్చమని డాక్టరు చీటీతో కంపెనీ వైద్య విభాగాన్ని అడగండి. అంకెలు సరిపడ్డాక, మూసిన వ్యవస్థ, సరైన మాస్కు ఉన్నచోట పనిచేయవచ్చు. కంపెనీ ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలో టీఎస్‌హెచ్ సాధారణంగా ఉండదు, విడిగా చేయించుకోండి.

ఈ ఒక్కటి మాత్రం మరిచిపోకండి. కార్బిమజోల్ వాడేవారిలో చాలా కొద్దిమందికి తెల్ల రక్తకణాలు హఠాత్తుగా పడిపోతాయి. జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు దాని గుర్తులు. ద్రావకాల వాసనకు గొంతు మండటం మీకు అలవాటే కాబట్టి, "ప్లాంటు గాలే" అనుకుని వదిలేసే ప్రమాదం మీకే ఎక్కువ. గొంతునొప్పికి జ్వరం తోడైతే మాత్ర ఆపి, అదే రోజు రక్తకణాల లెక్క చేయించి డాక్టరును కలవండి.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. గ్రేవ్స్ జబ్బు (హైపర్‌థైరాయిడ్‌లో ఒక రకం), కళ్లు ముందుకు వచ్చాయి. ఊళ్లో మిగతా ఆడవాళ్లలాగే అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగుతుంది. చుట్టకూ థైరాయిడ్‌కూ సంబంధం ఉందా?
— కళింగపట్నం దగ్గరి ఊరు

ఉంది. ఈ శీర్షికలో చెబుతున్న అన్ని రసాయనాల్లోకీ ఆధారాలు బలంగా ఉన్నది దీనికే. పొగ తాగే గ్రేవ్స్ రోగులకు కంటి జబ్బు ఎక్కువగా వస్తుంది, ముదురుతుంది, మందులకూ సరిగా లొంగదు. ఈ జబ్బుకు వైద్యంగా రేడియో అయోడిన్ ఇచ్చినప్పుడు కళ్లు ఇంకా పాడయ్యే అవకాశమూ పొగ తాగేవారికే ఎక్కువ. అందుకని చుట్ట సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. చుట్ట తగ్గించడం చాలదు, మానాలి. ఇంట్లో మిగతావారి పొగ కూడా లెక్కలోకే వస్తుంది.

నిప్పు వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలి కాలుతుంది. టార్చి వేసి చూడండి. తెల్లగా మందంగా ఉన్న మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు, మానని పుండు కనిపిస్తే దంత వైద్యుడికి వెంటనే చూపించండి. అంగిలి క్యాన్సరు ఈ అలవాటు ఉన్నవారిలో బాగా తెలిసిన జబ్బు. మీ అమ్మగారిని గద్దించకండి. ఏళ్లనాటి అలవాటు మాటతో పోదు. నికోటిన్ గమ్ గానీ, డాక్టరు ఇచ్చే మాత్ర గానీ సాయంగా తీసుకోండి.

ప్రశ్న: మేం నౌపడ గల్లుప్పే వాడతాం. సముద్రపు ఉప్పులో అయోడిన్ ఉంటుంది కదా?
— టెక్కలి

సముద్రపు నీళ్ల నుంచి తీసినా ఉప్పులో సహజంగా ఉండే అయోడిన్ మన అవసరానికి చాలదు. ప్యాకెట్ మీద అయోడిన్ కలిపిందని ఉంటేనే లెక్క. ఇంటికి చేరేసరికి అందులో కనీసం 15 పీపీఎం ఉండాలి. అంటే 5 గ్రాముల ఉప్పులో 75 మైక్రోగ్రాములు. పెద్దవారికి రోజుకు 150, గర్భిణికి 250 మైక్రోగ్రాములు కావాలి, మిగతాది చేపలు, పాలు, గుడ్ల నుంచి రావాలి. అయోడిన్ తక్కువైన గ్రంథి మీద పొగలోని థయోసైనేట్, నీళ్లలోని నైట్రేట్ ఇంకా గట్టిగా పనిచేస్తాయి, ఎందుకంటే ఇవి గ్రంథిలోకి వెళ్లే అయోడిన్‌కు అడ్డుపడతాయి. ఊరగాయలకు గల్లుప్పు వాడుకోండి, రోజువారీ కూరకు అయోడిన్ ఉప్పు వాడండి. మూత ఉన్న డబ్బాలో పెట్టి, కూర దించే ముందు వేయండి. అలాగని సముద్రపు నాచు గుళికల వంటివి కొని మింగకండి. అయోడిన్ మరీ ఎక్కువైనా గ్రంథి తిరగబడుతుంది.

ప్రశ్న: నాకు రెండో నెల. ముందునుంచీ థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. మావారు మొక్కజొన్నకు మందులు కొడతారు, ఆ బట్టలు నేనే ఉతుకుతాను, మందు డబ్బాలు వంటింటి అటక మీద ఉంటాయి.
— గజపతినగరం

ముందు మాత్ర సంగతి. తొలి మూడు నెలలు బిడ్డకు కావాల్సిన థైరాయిడ్ హార్మోను మీ నుంచే వెళ్తుంది. అందుకే మాత్ర మోతాదు సాధారణంగా పావు వంతు నుంచి మూడో వంతు వరకు పెంచాల్సి వస్తుంది. ఆలస్యం చేయకుండా ఈ వారమే టీఎస్‌హెచ్ చేయించి డాక్టరును కలవండి. అయిదో నెల దాకా 4 వారాలకోసారి పరీక్ష అవసరం.

బట్టలు ఇకనుంచి మీవారే, తొడుగులు వేసుకుని, విడిగా రెండుసార్లు డిటర్జెంటుతో ఉతకాలి. డబ్బాలు ఇవాళే అటక మీది నుంచి దించి, ఇంటి బయట తాళం వేసే పెట్టెలో పెట్టించండి. అవి దించే పని కూడా మీరు చేయకండి. కొట్టిన పొలంలోకి మందు పూర్తిగా ఆరేదాకా, లేబుల్ మీద చెప్పిన గడువు దాకా వెళ్లవద్దు.

ప్రశ్న: పంచాయతీవాళ్లు మా నూతిలో బ్లీచింగ్ వేస్తున్నారు. థైరాయిడ్ ఉన్నవాళ్లు ఆ నీళ్లు తాగవచ్చా?
— నెల్లిమర్ల

తాగవచ్చు. మంచి బ్లీచింగ్ పౌడరు 1000 లీటర్లకు 2.5 గ్రాములు వేసి, గంట ఆగాక తోడుకుంటే చాలు. ఆ మాత్రం క్లోరిన్‌తో గ్రంథికి హాని లేదు, వేయకపోతే వచ్చే విరేచనాలతో ఉంది. విరేచనాలు పట్టిన రోజుల్లో మాత్ర కూడా ఒంటికి పట్టదు. నూతి పక్కన పశువుల శాల, పేడకుప్ప ఉంటే మాత్రం నైట్రేట్ పరీక్ష చేయించండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నీళ్లు కాస్తే నైట్రేట్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అంతకన్నా ఎక్కువ ఉంటే తాగడానికి వేరే నీళ్లు చూసుకోవాలి.

ప్రశ్న: జుట్టుకు రంగు వేసుకోవచ్చా?
— రాజాం

నెలకోసారి వేసుకోవచ్చు. చాలా రంగుల్లో రిసార్సినాల్ ఉంటుంది, అది గ్రంథిని అడ్డుకునేదే. ఒకప్పుడు కాలి పుండ్లకు రిసార్సినాల్ లేపనం నెలల తరబడి రాసుకున్నవారికి గొంతు దగ్గర వాపు, హైపోథైరాయిడ్ వచ్చాయి. జుట్టుకు అరగంట ఉంచి కడిగే రంగుతో ఒంట్లోకి చేరేది దానితో పోలిస్తే బహు కొద్ది. తల మీద పుండ్లు, గోకిన గాట్లు ఉన్నప్పుడు మాత్రం వేయకండి. కొత్త రంగైతే చెవి వెనక రాసి 48 గంటలు చూడండి. ఇక జుట్టు ఊడుతోందని బయోటిన్ గుళికలు వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి, లేకపోతే రిపోర్టులో అంకెలు తప్పుగా వస్తాయి.