నాన్నగారి దగ్గు టీబీయేనా?

తమ్ముడూ, నాన్నగారు మార్కాపురంలో 18 ఏళ్లు పలకలు కోశారని, కఫంలో టీబీ తేలకపోయినా రెండుసార్లు మందుల కోర్సు వాడించారని రాశావు. డాక్టరుకి ఆ పని సంగతి చెప్పారా? మనవాళ్లు "కూలి పని" అనేసి ఊరుకుంటారు. ఎక్స్‌రేలో సిలికోసిస్ (రాతి దుమ్ము పీల్చి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) మచ్చలు చాలాసార్లు టీబీలాగే కనిపిస్తాయి. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చేశారు, పొడి కోతా నీళ్ల కోతా, అన్నీ కాగితం మీద రాసి, పాత ఎక్స్‌రేలతో పల్మనాలజిస్టుకి, అంటే ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించు. అలాగని కఫం పరీక్ష మానొద్దు. రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకి టీబీ తొందరగా అంటుకుంటుంది.

పాడైన ఊపిరితిత్తుల్ని బాగుచేసే మందు లేదు, కాబట్టి మళ్లీ ఆ దుమ్ములోకి పంపకు. తువ్వాలు కట్టుకుంటా అంటారు. మా బావా అదే అనేవాడు, సాయంత్రం విప్పితే లోపలి వైపూ దుమ్మే. ఈఎస్ఐ కార్డుంటే అక్కడా చూపించు. పరిహారం అడగదగ్గ వృత్తి వ్యాధుల జాబితాలో సిలికోసిస్ ఉంది.