ల్యాప్ చేయడం వచ్చిందని సర్జన్‌కి ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు ఎంఎస్ జనరల్ సర్జరీ రెండో ఏడు. ఇప్పటిదాకా ల్యాప్రోస్కోపీ (పొట్టకి చిన్న కన్నాలు పెట్టి, కెమెరాతో తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్, మేం ల్యాప్ అంటాం) కేసుల్లో కెమెరా పట్టుకోవడమే తప్ప కేసు చేతికి రాలేదు. పాసయ్యాక ఒక చిన్న ఫెలోషిప్ కోర్సు చేస్తే సరిపోతుందా? అసలు పని వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది?

కోర్సు సంగతి ముందు చెప్పేస్తాను. చేయండి, మంచిదే. నేనూ ఎఫ్‌మాస్ అనే ల్యాప్ ఫెలోషిప్ చేశాను. అక్కడ సాధన ఎలా చేయాలో చూపిస్తారు. సాధన మాత్రం ఇంటికొచ్చి చేసుకోవాల్సిందే. సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించిన మర్నాడు కూడా నా చేతులు అంతకుముందు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

రెండో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నా పరువు కాస్త తీసుకోవాలి.

నేను పీజీ చేసింది కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో. మొదటి ఏడాదిన్నర నేనూ కెమెరామన్‌నే. "దగ్గరికి రా", "లెన్స్ తుడువు", "ఎటు చూస్తున్నావయ్యా" అన్న మూడు మాటలతోనే రోజులు గడిచాయి. మూడో ఏడులో కేసులు ఇచ్చారు. బయటికొచ్చే నాటికి లాగ్‌బుక్‌లో 22 ల్యాప్ కోలీలు, అంటే గాల్‌బ్లాడర్ తీసేసే కేసులు. (మా వైపు పేషెంట్లు దీన్ని లేజర్ ఆపరేషన్ అంటారు. ఇందులో లేజర్ లేదమ్మా అని ఎంత చెప్పినా వినరు. నేను చెప్పడం మానేశాను.) 22 అంటే మా బ్యాచ్‌లో ఎక్కువే. నాకు పని వచ్చేసిందనే అనుకున్నాను.

తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జూనియర్‌గా చేరాను. అక్కడి సీనియర్ సార్ ప్రతి కేసూ రికార్డు చేయించేవారు. ఒక సాయంత్రం ఓపీ అయ్యాక నా పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, ఆ వారం నేను చేసిన కేసు లాప్‌టాప్‌లో పెట్టారు. ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపి, "కుడి చెయ్యి చూడకు. ఎడమ చెయ్యి ఒక్కటే చూడు. ఎన్నిసార్లు వదిలేసి మళ్ళీ పట్టుకుంటున్నావో గీతలు పెట్టు" అన్నారు.

14 నిమిషాల ముక్క. 37 గీతలు పడ్డాయి. కొన్నిచోట్ల గ్రాస్పర్ (ఎడమ చేత్తో కణజాలాన్ని పట్టుకునే పరికరం) అసలు తెర మీదే లేదు. లివర్ పక్కన ఎక్కడో తిరుగుతోంది, ఆ సమయంలో నేను కుడి చేత్తో హుక్ (కరెంటుతో కాల్చి విడదీసే కొక్కెం) పట్టుకుని కాలుస్తూ కూర్చున్నాను.

ల్యాప్‌లో ఎడమ చేతి పనేమిటో నాకు ఆ రోజే తెలిసింది. మా అమ్మ మిషన్ కుడుతుంది. సూది దాని పని అది చేసుకుపోతుంది, గుడ్డ బిగువుగా పట్టి తిప్పే చేతిలోనే కుట్టంతా ఉంటుంది. ఇదీ అంతే. గాల్‌బ్లాడర్ మెడ దగ్గర పట్టుకుని, ఒకసారి ఇటు ఒకసారి అటు తిప్పుతూ ఉంటేనే, గాల్‌బ్లాడర్ నాళం, రక్తనాళం దాగి ఉండే కాలోట్ ట్రయాంగిల్ తెరుచుకుంటుంది. ఎడమ చెయ్యి పడుకుంటే కుడి చెయ్యి గుడ్డిగా కోస్తుంది.

సార్ అంతటితో వదల్లేదు. నేను నాళాన్ని మూసే మొదటి క్లిప్ పెట్టబోయే చోట వీడియో ఆపి, "ఇప్పుడు నీకేం కనబడుతోంది?" అన్నారు. క్లిప్ పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటి ఉంది. స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ 1995లో చెప్పిన క్రిటికల్ వ్యూ మీకూ తెలిసే ఉంటుంది: ఆ ట్రయాంగిల్‌లో కొవ్వు, పొరలు పూర్తిగా తీసేయాలి, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు లివర్ నుంచి విడిపోయి వెనక లివర్ కనబడాలి, గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి రెండంటే రెండే (దాని నాళం, దాని రక్తనాళం) కనబడాలి. థియరీ పరీక్షలో నిద్రలో లేపి అడిగినా రాసేవాణ్ణి. నా వీడియోలో రెండు గొట్టాలు కనబడుతున్నాయి. వెనక వైపు తెరిచిందే లేదు. "పేషెంట్‌కి ఏమీ కాలేదు కదా సార్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు.

తర్వాత గోల్స్ షీటు తీసి మార్కులు వేశారు. కెనడాలో మెక్‌గిల్ వాళ్ళు 2005లో తెచ్చిన పద్ధతి ఇది. లోతు అంచనా, రెండు చేతుల సమన్వయం, పనిలో పొదుపు, కణజాలాన్ని పట్టుకునే తీరు, ఒకరి సాయం లేకుండా చేయగలగడం, ఇలా ఐదు అంశాలు, ఒక్కోదానికి 5 మార్కులు. నాకు 25కి 13 వచ్చాయి. రెండు చేతులకు 2. లాగ్‌బుక్‌లో 22 కేసులు ఉన్నవాడికి.

అందుకే ఎవరైనా "నేను ఇన్ని కేసులు చేశాను" అంటే నేను ఊ కొడతాను కానీ లెక్కలోకి తీసుకోను. అలాగని సంఖ్యకి విలువ లేదనీ అనను. ల్యాప్ కోలీ మొదట చేసింది జర్మనీలో ఎరిక్ ముహె, 1985లో. మన దేశంలో 1990లో ముంబైలో టెహెమ్‌టన్ ఉద్వాడియా చేశారు. ఆ రోజుల్లో ఏళ్ళ తరబడి పొట్ట కోసి చేసిన పెద్దవాళ్ళు కూడా చిన్న చిన్న కోర్సులు చేసి ఇందులోకి దిగారు. పిత్తనాళం తెగిపోయే కేసులు పెరిగాయి. అమెరికాలో సదరన్ సర్జన్స్ క్లబ్ వాళ్ళు 55 మంది సర్జన్లు చేసిన 8,839 ఆపరేషన్లు లెక్క తీస్తే, అలాంటి గాయాల్లో 90 శాతం ఆ సర్జన్ చేసిన మొదటి 30 కేసుల్లోనే ఉన్నాయి. వాళ్ళ అంచనా ప్రకారం మొదటి కేసులో ప్రమాదం 1.7 శాతం, 50వ కేసుకి 0.17 శాతం. ఆ మొదటి 30 మంది కూడా ఎవరో ఒకరి అమ్మానాన్నలే. చేతి తడబాటు అంతా వాళ్ళ మీద కాకుండా డబ్బా మీద తీర్చుకోవాలన్న ఆలోచన అలాంటి అనుభవాల్లోంచి గట్టిపడింది.

డబ్బా అంటే బాక్స్ ట్రైనర్, కన్నాల్లోంచి పరికరాలు దూర్చి, లోపలి కెమెరా చూపించే తెర చూస్తూ సాధన చేసే పెట్టె. అమెరికాలో ఎఫ్‌ఎల్‌ఎస్ అనే ల్యాప్ ప్రాథమిక నైపుణ్యాల పరీక్ష ఉంది. 2009–10లో అక్కడ జనరల్ సర్జరీ బోర్డు పరీక్షకి అది పాసవ్వడం తప్పనిసరి చేశారు. చేతిపని భాగంలో ఐదు పనులు: రింగులు ఒక మేకు నుంచి మరో మేకుకి మార్చడం, గాజ్ (డ్రెస్సింగ్ గుడ్డ) మీద గీసిన వలయాన్ని గీత తప్పకుండా కత్తిరించడం, లూప్ బిగించడం, ముడి బయట వేసి లోపలికి తోయడం, లోపలే కుట్టు వేసి ముడి వేయడం. టైముతో పాటు తప్పులకు కూడా మార్కులు పోతాయి. రింగుల పనికి పరీక్షలో 300 సెకన్ల దాకా ఇస్తారు. సాధనలో పెట్టుకోమనే లక్ష్యం మాత్రం 48 సెకన్లు. లోపలి ముడికి 112.

మొదటిసారి రింగులకి నాకు పట్టింది 3 నిమిషాల 20 సెకన్లు, అందులో రెండు రింగులు కింద పడేశాను. ఎడమ చేతి నుంచి కుడి చేతికి గాలిలోనే అందించాలి. తెర మీద లోతు తెలియదు, పైగా చెయ్యి ఎటు తిప్పితే కొన దానికి ఎదురు దిక్కుకి పోతుంది. మనం చెయ్యి పైకెత్తితే కొన కిందకి దిగుతుంది. ఇది మెదడుకి అలవాటు కావాల్సిందే, పుస్తకంలో చదివితే రాదు.

డబ్బా మీద నేర్చింది పేషెంట్ దగ్గర పనికొస్తుందా అని మా బ్యాచ్‌మేట్ ఒకడు వెటకారం చేసేవాడు. యేల్ వాళ్ళు 16 మంది రెసిడెంట్లతో చేసిన పరిశీలన 2002లో వచ్చింది. వాళ్ళు వాడింది డబ్బా కాదు, కంప్యూటర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్, ఆలోచన మాత్రం అదే. దాని మీద సాధన చేసినవాళ్ళు గాల్‌బ్లాడర్ విడదీయడం 29 శాతం తొందరగా ముగించారు. చేయనివాళ్ళు గాల్‌బ్లాడర్‌కి గాయం చేయడమో, పక్కన కాల్చడమో జరిగే అవకాశం ఐదు రెట్లు ఎక్కువగా ఉంది. వాడికి చూపించాను. ఇప్పుడు వాడి ఇంట్లోనూ ఒక డబ్బా ఉంది.

నా డబ్బా ఖర్చు పెద్దగా ఏమీ లేదు. బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా, మూతకి వేడి చువ్వతో రెండు కన్నాలు, లోపల వెబ్‌క్యామ్, ఒక ఎల్ఈడీ లైటు. పరికరాలు థియేటర్‌లో పక్కన పడేసిన మొండి గ్రాస్పర్, నీడిల్ హోల్డర్. ఇన్‌చార్జి సిస్టర్‌ని బతిమాలితే ఇచ్చారు. చెక్క మీద మేకులు కొట్టి, రబ్బరు ట్యూబు ముక్కలు కోసి రింగులు చేశాను. వాడని గ్లవ్ వేలు కుట్టేవాణ్ణి. పట్టు ఎంత సున్నితంగా ఉందో తెలియడానికి ద్రాక్షపండే మంచి గురువు. గ్రాస్పర్‌తో ఎత్తి పక్క గిన్నెలో పెట్టాలి, తొక్క మీద గాటు పడకూడదు. మొదటి వారం ఇంట్లో అందరూ చితికిన ద్రాక్షలే తిన్నారు.

రోజూ 20 నిమిషాలు చాలు, ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కంటే అదే నయం. ప్రతి సెషన్‌లో టైము, తప్పులు రెండూ రాసుకోండి. టైము ఒక్కటే రాస్తే తొందర నేర్చుకుంటారు, శుభ్రం నేర్చుకోరు. నాకు మొదట్లో అదే అయ్యింది.

ఇక కేసులు వచ్చాక, మీ వీడియో మీరే చూసుకుని మార్కులు వేసుకోకండి. ఎవరి వంట వాళ్ళకి రుచే. అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్లు తలా ఒక వీడియో ఇస్తే, ఎవరిదో చెప్పకుండా తోటి సర్జన్లతో మార్కులు వేయించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. తక్కువ మార్కులొచ్చిన నాలుగో వంతు సర్జన్ల పేషెంట్లలో కాంప్లికేషన్లు 14.5 శాతం, ఎక్కువ వచ్చిన నాలుగో వంతుకి 5.2 శాతం. వీడియో ఏది ఇవ్వాలో ఎంచుకున్నది సర్జన్లే, అయినా తేడా దాగలేదు. నాకు అన్నిటికంటే భయం పుట్టించిన లెక్క ఇదే.

మీ యూనిట్‌లో రికార్డింగ్ లేకపోతే ల్యాప్ సెట్ వెనక వీడియో అవుట్ ఉంటుంది, చిన్న క్యాప్చర్ కార్డు పెడితే చాలు. పేషెంట్ అనుమతి తీసుకోండి, పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు తెర మీద పడకుండా చూడండి. చూడమని అడిగేది మిమ్మల్ని మెచ్చుకునే సార్‌ని కాకుండా, తిట్టే సార్‌ని.

ఎనిమిది నెలల తర్వాత నేను అదే సార్ ముందు ఇంకో వీడియో పెట్టాను. ఆయన అడక్కముందే కాగితం, పెన్ను తీసుకున్నాను. 11 గీతలు. మార్కులు 19. "ఇంకా లోతు దగ్గర తడుముకుంటున్నావు" అని టీ చెప్పారు.

మీకు ఈ నెలలో చేయగల పని ఒకటుంది. కేసు అయ్యాక మిగిలిన సూచర్ (కుట్టు దారం) ముక్కలు సిస్టర్‌ని అడిగి తెచ్చుకోండి, ముడి సాధనకి అవే చాలు. సూదితో ఉన్నది తీసుకుంటే మాత్రం వాడనిదే తీసుకోండి, అదీ కౌంట్ (కేసులో వాడిన సూదుల లెక్క) పూర్తయ్యాక చెప్పి తీసుకోండి. నేను ఒకసారి చెప్పకుండా జేబులో వేసుకున్నాను. లెక్క తేలక పేషెంట్‌కి ఎక్స్‌రే తీసేదాకా వెళ్ళింది, థియేటర్ మొత్తానికి గంటసేపు టెన్షన్.