మూడు క్లబ్బుల్లో పేరుంది, ఒక్కదానిలోనూ చోటు లేదు. తప్పు నాదేనా?

ప్రశ్న ఇది: టెక్నికల్ యూనివర్సిటీలో ఫస్టియర్. చేరిన వారంలోనే రోబోటిక్స్, కోడింగ్, రేసింగ్ కార్ టీమ్ మూడింట్లోనూ పేరిచ్చారు. రెండు నెలలైంది. గ్రూపుల్లో రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి, మీటింగులకీ వెళ్తున్నారు, అయినా ఎక్కడా మనవాళ్లనిపించడం లేదు. తప్పు నాదా, క్లబ్బులదా?

ముప్పాతిక పాళ్లు క్లబ్బులదే. మిగిలిన పావు మీది, అదీ మూడుచోట్ల పేరివ్వడం. ఇవాళే రెండు వదిలేయండి. ఏ రెండంటారా? వచ్చే వారం మీరు వెళ్లకపోతే ఏ గదిలో ఏ పని ఆగిపోతుందో చూసుకోండి. ఎక్కడా ఏదీ ఆగదనుకుంటే, సాయంత్రాలు గది తెరిచి ఉండే క్లబ్బు ఏదో దాన్ని ఉంచుకుని మిగతావి మానేయండి. మీటింగు రోజు మాత్రమే తెరిచే గదిలో ఎవరికీ చోటు దొరకదు. నూటయాభై మంది ఉన్న గ్రూపులో మీరు గుంపులో గోవిందయ్య. అక్కడ థంబ్ పెట్టినా పెట్టకపోయినా తేడా తెలిసేవాడు లేడు.

వెళ్లాక "నేనేమైనా చేయాలా?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్నకి సీనియర్ల దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు ఉంటుంది: "చెప్తాంలే". "ఈ వారం ఏ పని ఆగిపోయి ఉంది?" అని అడగండి. ఏ టెక్నికల్ క్లబ్బులోనైనా ఎవరూ ముట్టుకోని పనులు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. రోబోటిక్స్‌లో అయితే బ్యాటరీల రికార్డు. రోబోలకి వాడే, మళ్లీ ఛార్జ్ చేసుకునే లైపో బ్యాటరీలన్నిటికీ నంబర్లు వేసి, వారానికోసారి ఒక్కో సెల్ (బ్యాటరీ లోపలి విడి భాగం) వోల్టేజీ నోట్‌బుక్‌లో రాయడం. మూడు సెల్స్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టులు. వారాల తరబడి వాడకుండా అలా నిండుగా వదిలేస్తే ఉబ్బుతుంది. పక్కన పెట్టేటప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఏ సెల్లయినా 3 వోల్టుల కిందికి దిగితే అది పాడైనట్టే. ఒకే బ్యాటరీలో సెల్‌కీ సెల్‌కీ మధ్య 0.1 వోల్టు కంటే ఎక్కువ తేడా వస్తుంటే దాన్ని పోటీకి తీసుకెళ్లకూడదు. మల్టీమీటర్ పట్టుకోవడం వస్తే చాలు, పావుగంట పని. కానీ నెల తిరిగేసరికి "నాలుగో నంబర్ ఎలా ఉంది?" అని ఫైనలియర్ వాళ్లు కూడా మిమ్మల్నే అడుగుతారు.

ఇప్పుడు అసలు సంగతి. క్లబ్బులో కొత్తవాడి మొదటి సాయంత్రం ఎలా గడవాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే నూటికి తొంభై క్లబ్బులు దాన్నే పాడుచేస్తాయి. ఆ రోజు ప్రొజెక్టర్ పెట్టి "మా క్లబ్బు సాధించిన విజయాలు" చూపిస్తారు. చూపించాల్సింది బల్ల. బల్ల మీద ఒక సోల్డరింగ్ ఐరన్, 14 గేజ్ సిలికాన్ వైరు ఎరుపొకటి నలుపొకటి, ఎక్స్‌టీ60 కనెక్టర్ల జత ఒకటి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని అతుకుని కప్పే ప్లాస్టిక్ గొట్టం). పని: రోబోకి బ్యాటరీ కేబుల్ చేయడం. చిన్నదే కానీ అది లేకపోతే రోబో కదలదు. మొదటి పనికి ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

ముందుగా స్లీవ్ కోసి వైరుకి తొడిగి, బాగా వెనక్కి జరపాలి. దీన్ని అందరూ మర్చిపోతారు, పదేళ్లుగా చేస్తున్నవాళ్లూ మర్చిపోతారు. దగ్గరగా ఉంచితే ఐరన్ వేడికే ముడుచుకుని అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత కనెక్టర్‌కి దాని జత కనెక్టర్‌ని తగిలించి ఉంచాలి. విడిగా పెట్టి వేడి చేస్తే ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి ఒరుగుతుంది, ఆపై అది జతలోకి దిగదు. ఐరన్ కనీసం 60 వాట్లది, మొన వెడల్పుగా ఉన్నది కావాలి. సూదిమొన ఉన్న 25 వాట్ల ఐరన్‌తో ఈ పిన్ను వేడెక్కదు. సోల్డర్, అంటే కరిగించి అతికించే లోహం, బూడిదరంగు ఉండలా కూర్చుంటుంది, పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, రోబో ఒక కుదుపు ఇవ్వగానే ఊడుతుంది. పిన్ను గుంటలో సగం వరకు సోల్డర్ నింపాలి, వైరు కొసకి విడిగా పట్టించాలి, ఆ తర్వాత గుంటని వేడి చేస్తూ వైరుని లోపలికి దించాలి. ఐరన్ తీశాక సోల్డర్ గట్టిపడేదాకా చెయ్యి కదలకూడదు. నాలుగైదు సెకన్లే, కానీ కొత్తచేతికి అవి చాలా పొడుగ్గా ఉంటాయి.

సరిగ్గా ఈ నాలుగైదు సెకన్లలోనే పక్కన నిలబడ్డ సీనియర్ "ఇలా తే, నేను చేస్తా" అంటాడు. వాడి ఉద్దేశం మంచిదే. ఆ వైరు అతుక్కుంటుంది కూడా. అయితే కొత్తవాడు మళ్లీ వారం రాడు. మంచి క్లబ్బుల్లో దీనికో కట్టడి ఉంటుంది: నేర్పేవాడి చేతులు వీపు వెనక ఉండాలి. నోటితో ఎంతైనా చెప్పొచ్చు, ఐరన్ ముట్టుకోకూడదు. చెయ్యి కాలేట్టుంటే తప్ప. మొదటి కేబుల్ ఎలాగూ పాడవుతుంది. దాన్ని కొత్తవాడి చేతే గట్టిగా లాగించి, ఊడిన చోట లోపల ఎక్కడ అంటుకోలేదో చూపించాలి. రెండోది ఫర్వాలేదనిపిస్తుంది. మూడోది రోబోలోకి వెళ్లాలి. ప్రాక్టీసు కోసమని చేయించి చెత్తబుట్టలో వేస్తే సాయంత్రమంతా వృథా.

రోబోలో పెట్టే ముందు మల్టీమీటర్‌తో రెండు పరీక్షలు. ప్లస్ నుంచి ప్లస్‌కి బీప్ రావాలి, ప్లస్ నుంచి మైనస్‌కి రాకూడదు. కనెక్టర్ ప్లాస్టిక్ మీద ప్లస్, మైనస్ గుర్తులు అచ్చుపోసే ఉంటాయి గానీ చాలా చిన్నవి, మసక వెలుతురులో కనపడవు. ఎరుపు, నలుపు తారుమారైతే మోటార్లని నడిపే చాలా డ్రైవర్ బోర్డుల్లో కాపాడే ఏర్పాటేదీ ఉండదు. లోపల స్విచ్చుల్లా పనిచేసే మాస్ఫెట్ల గుండా బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది, మీరు తీసేలోపే పొగ వస్తుంది. అందుకని మొదటిసారి కరెంటు ఇచ్చేది బ్యాటరీ నుంచి కాదు, కరెంట్ లిమిట్ అర ఆంపియర్ దగ్గర పెట్టిన పవర్ సప్లై నుంచి. అది లేకపోతే బ్యాటరీకీ బోర్డుకీ మధ్య సిరీస్‌లో ఒక 12 వోల్టుల ఫిలమెంట్ బల్బు పెట్టండి. షార్ట్ ఉంటే బల్బు బాగా వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. అంతా బాగుంటే, కేబుల్‌కి చిన్న టేపు చుట్టి దానిమీద తారీకు, చేసినవాళ్ల పేరు రాయాలి. ఈ పేరు మెచ్చుకోలు కోసమని అనుకోకండి. పోటీకి గంట ముందు ఏదైనా తేడా వస్తే "ఇది ఎవరు చేశారు, పిలవండి" అంటారే, దానికోసం. మనల్ని పేరు పెట్టి పిలిచే అవసరం ఒకరికి కలగడమే మీరు అడిగిన ఆ "మనవాళ్లు" అనే సంగతి.

దీనికి బదులు యూనివర్సిటీల్లో నడుస్తున్నదేమిటి? క్లబ్బులో చేరడానికి ఇంటర్వ్యూలు! నేర్చుకోవడానికి వచ్చినవాణ్ణి "నీకేం వచ్చు" అని అడిగి, రాదంటే పంపేస్తున్నారు. వచ్చినవాడికి క్లబ్బెందుకు? ఇంకో రకం క్లబ్బులున్నాయి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. రోబో లేదు, లోగో ఉంది. టీషర్టు ఉంది. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు, జాయింట్ సెక్రటరీ, డిజైన్ హెడ్, పీఆర్ హెడ్, వెరసి పన్నెండు పదవులు, స్క్రూడ్రైవర్ ఒక్కటి. అధికారుల వైపు కథ ఇంకోలా ఉంటుంది. విద్యార్థి భాగస్వామ్యం గురించి 1984లో అమెరికా విద్యా పరిశోధకుడు అలెగ్జాండర్ ఆస్టిన్ రాసిందంతా విద్యార్థి తన చదువు, క్యాంపస్ జీవితం మీద పెట్టే శారీరక, మానసిక శక్తి గురించి. దాన్ని తీసుకొచ్చి ఎన్ని క్లబ్బులు, ఎన్ని ఈవెంట్లు, ఎన్ని సర్టిఫికెట్లు అనే లెక్కగా మార్చేశారు. హాజరుపట్టీలో శక్తి ఎక్కడ కనపడుతుంది?

ఇందాక గది సంగతి అన్నాను కదా. అమెరికాలోని ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అని ఒకటుంది. బొమ్మరైళ్ల క్లబ్బు. యుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన బిల్డింగ్ 20లో అప్పట్లో వాళ్ల గది ఉండేది. రైళ్లకి రంగులేసేవాళ్లు పైన, బల్ల కింద టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్లు నడిపే సిగ్నల్స్ అండ్ పవర్ బృందం. అక్కడి పద్ధతి: ఆ రైలుమార్గం మీద 40 గంటలు పనిచేస్తే గది తాళంచెవి ఇచ్చేవారు. తాళంచెవికి లెక్క గంటలే. అర్ధరాత్రి బుర్రలో ఏదైనా మెరిస్తే లేచి వెళ్లి తలుపు తీసుకోవచ్చు. 1950ల చివర్లో ఆ బల్ల కింద దూరినవాళ్లే, పాత సభ్యుడు జాక్ డెన్నిస్ చలవతో టీఎక్స్-0 కంప్యూటర్ దగ్గరికి చేరారు. 1962లో పీడీపీ-1 కంప్యూటర్ మీద స్పేస్‌వార్ ఆట వచ్చినప్పుడు దాన్ని ఆడే కంట్రోల్ పెట్టెలు చేసింది కూడా ఆ క్లబ్బువాళ్లే. నా వాదన ఏమిటంటే ఇదంతా ఆ తాళంచెవి పుణ్యం. ప్రతిభ, డబ్బు, సరైన కాలం అని మీరనొచ్చు. అవి ఉండి కూడా గదికి తాళం వేసి ఉన్న క్లబ్బులు కొల్లలు.

సీనియర్లెవరైనా చదువుతుంటే: తాళంచెవి ఇవ్వడానికి భయం దొంగతనం గురించైతే, ఖరీదైనవి లోపలి అల్మారాలో పెట్టి దానికి తాళం వేయండి. స్క్రూలు, వైర్లు, ఐరన్లు, బల్ల అందరికీ వదిలేయండి. డ్రిల్లు, గ్రైండరు లాంటివాటి దగ్గర ఒంటరిగా పనిచేయకూడదన్న నిబంధన మాత్రం సడలించొద్దు, అక్కడ ఎప్పుడూ ఇద్దరుండాలి.

రేసింగ్ కార్ టీమ్ గురించి కూడా అడిగారు. స్పానర్ పట్టడం రాదు కాబట్టి అక్కడ నాకేం పని అనుకుంటున్నారేమో. విద్యార్థులే రేసింగ్ కారు తయారుచేసి పోటీపడే ఫార్ములా ఎస్ఏఈలో మొత్తం 1,000 పాయింట్లు. అందులో 325 కారు అంగుళం కదలకుండానే వస్తాయి: డిజైన్‌కి 150, ఖర్చుల నివేదికకి 100, బిజినెస్ ప్రెజెంటేషన్‌కి 75. ప్రతి బోల్టు, ప్రతి వాషర్ ఖర్చుల నివేదికలో ఉండాలి. దాన్ని చివరి రెండు వారాల్లో రాద్దామనుకునే టీములు అక్కడే మునుగుతాయి. కారు తయారవుతున్నప్పుడే పక్కన నిలబడి ప్రతి భాగం పేరు, పదార్థం, దాన్ని చేసిన పద్ధతి రాసుకునే మనిషి ఆ టీములో బంగారం. ఆరు నెలలు అలా రాస్తే కారు గురించి డ్రైవర్ కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలా టీముల్లో అమ్మాయిలు చేరగానే వాళ్ల చేతికి ఈ కాగితాల పనీ, పోస్టర్ల పనీ ఇచ్చి, అబ్బాయిలకి ఐరన్ ఇస్తారు. అడిగితే "వాళ్ల రాత నీట్‌గా ఉంటుంది" అంటారు. పైన చెప్పిన పని గొప్పదే కానీ ఎవరు చేయాలో ముందే తేలిపోయి ఉంటే అది గొప్పపని కాదు, మూలన కూర్చోబెట్టడం. మీకు అలా జరుగుతుంటే కాగితం పనితోపాటు బల్ల మీద కూడా ఒక పని మీ పేరున రాయించుకోండి. కుదరదంటే ఆ టీము వదిలేయండి. అలాగే రాత్రి పదింటికి మీటింగులు పెట్టే క్లబ్బులు. హాస్టల్లో లేనివాళ్లని పొమ్మనలేక పొగబెట్టడమే అది, కావాలని చేయకపోయినా.

కోడింగ్ క్లబ్బు గురించి ఒక్కమాటే: అక్కడ కేబుల్‌కి బదులు, ఎవరో వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న తప్పు సరిదిద్దడం. పోటీల ర్యాంకుల పట్టికలో ఎవరికీ చోటు దొరకదు, మొదటి ముగ్గురికి తప్ప.

ఇక గడువు. ఉంచుకున్న ఆ ఒక్క క్లబ్బుకి ఆరు వారాలు ఇవ్వండి, వారానికి రెండు సాయంత్రాలు, రెండేసి గంటలు. పరీక్షల ముందు రెండు వారాలు లెక్కలోంచి తీసేయండి. ఆ వారాల్లో కూడా రమ్మనే క్లబ్బుకి తర్వాతి ఏడాది మనుషులుండరు. ఆరు వారాలయ్యాక చూసుకోండి: మీరు చేసిన వస్తువేదైనా అక్కడ వాడకంలో ఉందా? మీరు రాకపోతే ఎవరైనా ఫోన్ చేశారా? రెండూ లేవంటే, మీలాగే గ్రూపులో మౌనంగా ఉన్న మరో ముగ్గుర్ని పట్టుకోండి, కచ్చితంగా ఉంటారు. నలుగురికి ఒక బల్ల, రెండు ఐరన్లు, ఒక మల్టీమీటర్ చాలు. పేరు, లోగో తర్వాత చూసుకోవచ్చు. ఒక్కటి మాత్రం మొదటి రోజే చేయండి: క్లబ్బు మెయిల్, కోడ్, డ్రాయింగుల ఖాతాలు ఎవరి సొంత మెయిల్ మీదా తెరవకండి. వాళ్లు చదువు ముగించి వెళ్లిపోయిన మర్నాడు పాస్‌వర్డ్ కోసం వెతుక్కునే క్లబ్బులు ప్రతి యూనివర్సిటీలోనూ ఉన్నాయి.