టాస్క్ 2 సగంలోనే ఆగిపోతోందా? ముందు టాస్క్ 1 తగ్గించండి

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ఐర్లాండ్‌లో ఎంఎస్ చేయాలని ఉంది. దానికోసం వచ్చే నెల కంప్యూటర్‌లో ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రాస్తున్నాను. మాక్ టెస్టుల్లో మిగతా మూడూ (లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్) 9కి 7 దాకా వస్తున్నాయి గానీ రైటింగ్ 5.5 దాటట్లేదు. గ్రాఫ్‌ని వివరించే టాస్క్ 1 మాత్రం 230 పదాలు సులువుగా రాసేస్తాను. టాస్క్ 2 వ్యాసంలో కన్‌క్లూజన్‌కి వచ్చేసరికి టైమ్ అయిపోతోంది. టెంప్లేట్లు బట్టీ పడితే స్పీడ్ పెరుగుతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. పట్టమంటారా?

జవాబు: వద్దు. మీకు స్పీడ్ తక్కువేం కాదు, అసలు చిక్కంతా ఆ 230 పదాల దగ్గరే ఉంది. టాస్క్ 1కి అడిగేది కనీసం 150 పదాలు. 170, 180 రాస్తే చాలు. మొత్తం ఉన్నది 60 నిమిషాలు. టాస్క్ 1కి 20, టాస్క్ 2కి 40 కేటాయించమని ప్రశ్నలోనే ఉంటుంది, కానీ 20 నిమిషాలు కాగానే మిమ్మల్ని ఎవరూ ఆపరు, చూసుకోవాల్సింది మీరే. పైగా రైటింగ్ బ్యాండ్‌లో, అంటే స్కోరులో, టాస్క్ 2కి రెట్టింపు వెయిటేజీ ఉంది. మీరేమో తక్కువ మార్కులున్న చోట ఎక్కువ టైమ్ పెడుతున్నారు.

230 ఎందుకవుతోందంటే, గ్రాఫ్‌లో కనిపించిన అంకెలన్నీ రాసేస్తున్నారు కాబట్టి. ఎన్ని పేజీలు నింపితే అన్ని మార్కులని అడిషనల్ షీట్లు అడిగి మరీ రాసిన చదువులు మనవి, ఆ అలవాటు ఒక్కసారిగా పోదు. నాలుగు దేశాల్లో 1990 నుంచి 2020 దాకా కరెంటు వాడకం ఇచ్చారనుకోండి. మొత్తంగా ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, చివరికి ఎవరు పైన ఉన్నారు అనేది రెండు వాక్యాల్లో చెప్పాలి, అదే ఓవర్‌వ్యూ. అది లేకపోతే ఎన్ని అంకెలు రాసినా బ్యాండ్ పెరగదు. తర్వాత రెండు చిన్న పేరాల్లో మొదలు, చివర, పెద్ద మార్పులు రాస్తే అయిపోతుంది. వాడకం ఎందుకు పెరిగిందో కారణాలు రాయకండి, అది అడగలేదు.

ఏ టాస్క్ ముందు రాసినా ఫర్వాలేదు. 20 నిమిషాలకు ఆపలేని మీలాంటి వాళ్ళకి టాస్క్ 2తోనే మొదలుపెట్టమని చెప్తాను. స్క్రీన్ మీద 20 నిమిషాలు మిగిలాయని కనిపించగానే ఆ వాక్యం ముగించి టాస్క్ 1కి వెళ్ళిపోవాలి, అది అసలు రాయకుండా వదిలేసినా దెబ్బే.

ఇక టాస్క్ 2. ఆ 40 నిమిషాల్లో మొదటి ఐదారు నిమిషాలు ఏమీ టైప్ చేయకండి. పక్కన కీబోర్డుల చప్పుడు వింటూ ఖాళీగా కూర్చోవాలంటే టెన్షన్‌గానే ఉంటుంది, అయినా కూర్చోండి, ఎందుకంటే ఏం చెప్పాలో తేల్చుకోకుండా మొదలుపెట్టినవాళ్ళే రెండో పేరా మధ్యలో ఆగిపోయి స్క్రీన్ వైపు చూస్తుంటారు. ఉదాహరణకి 'యూనివర్సిటీ ఫీజంతా ప్రభుత్వమే కట్టాలి, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు?' అని ఇచ్చారనుకుందాం. నా వైఖరి: లేనివాళ్ళకి కట్టాలి, ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. మొదటి పేరాకి: ఫీజు భారం లేకపోతేనే పేదింటి పిల్లలు డిగ్రీ దాకా రాగలరు, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్‌లో చేరిన కూలీ కుటుంబం అమ్మాయిని ఉదాహరణగా రాస్తాను. రెండో పేరాకి: కట్టగలిగినవాళ్ళ ఫీజు కూడా ప్రభుత్వమే కడితే ల్యాబులకీ లెక్చరర్లకీ పెట్టాల్సిన డబ్బు తగ్గిపోతుంది. ఇంతే ప్లాన్. ఈ ముక్కలు మీకు తెలుగులో తట్టినా నష్టం లేదు, కానీ వాక్యం మొత్తం తెలుగులో కట్టుకుని ఇంగ్లీషులోకి మార్చకండి, ఒకే వాక్యాన్ని రెండుసార్లు రాసినంత టైమ్ పడుతుంది.

అడిగేది కనీసం 250 పదాలు, 280 దగ్గర ఆగండి. పదాల లెక్క స్క్రీన్ మీదే కనిపిస్తుంటుంది. టాస్క్ 2కి పెట్టుకున్న టైమ్‌లో ఏడెనిమిది నిమిషాలు ఉందనగా రెండో పేరా ఎక్కడున్నా ముగించి రెండు వాక్యాల్లో కన్‌క్లూజన్ రాసేయండి, ముగింపు లేని మంచి పేరా కంటే ముగింపు ఉన్న మామూలు వ్యాసమే మీకు మేలు చేస్తుంది. మిగిలిన టైమ్ చెకింగ్‌కి. స్పెల్ చెక్ ఉండదు, ఫోన్‌లో ఆటోకరెక్ట్‌కి అలవాటు పడినవాళ్ళకి ఇక్కడే ఎదురుదెబ్బ. ఆర్టికల్స్, ఏకవచన బహువచనాలు, టెన్సులు మాత్రం చూసుకోండి.

టెంప్లేట్ల సంగతి. 'ఇన్ టుడేస్ మోడరన్ వరల్డ్' అంటూ మొదలయ్యే వాక్యాలు ఏ టాపిక్‌కైనా అతుకుతాయి, అంటే ఈ టాపిక్ గురించి ఏమీ చెప్పవు. బట్టీ పట్టినవని ఎగ్జామినర్‌కి ఇట్టే తెలిసిపోతుంది. వాటిని టైప్ చేయడానికీ మీ టైమే పోతుంది.

ఈ నెలలో మొదటి వారం వ్యాసాలు రాయకండి. రోజూ మూడు ప్రశ్నలు తీసుకుని ఒక్కోదానికి ఐదు నిమిషాల్లో ప్లాన్ మాత్రం వేయండి. ఆ తర్వాత రెండు టాస్కులూ కలిపి గంట పెట్టుకుని రాయండి. వారానికి ఒకసారైనా లిజనింగ్, రీడింగ్ అయ్యాక లేవకుండా రైటింగ్ రాయాలి, అసలు పరీక్షలో ఈ మూడింటి మధ్య బ్రేక్ ఉండదు, రైటింగ్ వచ్చేసరికి బుర్ర అలిసిపోయి ఉంటుంది.

ఒకవేళ రైటింగ్ ఒక్కటే తగ్గితే 60 రోజుల్లోపు ఆ ఒక్క సెక్షనే మళ్ళీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. అన్ని యూనివర్సిటీలూ దాన్ని తీసుకోవు. మీ లిస్టులో ఉన్నవి తీసుకుంటాయో లేదో ఇప్పుడే మెయిల్ పెట్టి అడగండి, రిజల్ట్ వచ్చాక ఆ పని పెట్టుకుంటే అప్లికేషన్ గడువు దాటిపోవచ్చు.