నల్లరేగడి నేల నుంచి కాశీ దారికి

(పుస్తకాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు చెన్నై పెరంబూరులో ఉంటున్న ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలి జవాబులు.)

ప్రశ్న: టీచర్ గారూ, నమస్కారం. ఈ మధ్య ఏం చదివారు? ఇప్పుడు మీ చేతిలో ఏ పుస్తకం ఉంది? దాని తర్వాత ఏది చదవాలనుకుంటున్నారు? – ఒక గృహిణి, కొళత్తూరు

జవాబు: ఈ మధ్య పూర్తి చేసింది తమిళ నవల తల్లీ. కి. రాజనారాయణన్ రాసిన ‘గోపల్ల గ్రామం’. 1976లో వచ్చింది. తెలుగు పత్రికలో తమిళ పుస్తకం ఊసెందుకని అనుకోవద్దు. అందులో ఉన్నది మనవాళ్ల కథ. చెన్నాదేవి అనే తమ ఇంటి ఆడపిల్ల మీద ఒక పాలకుడి కన్ను పడిందని, ఉన్నదంతా వదిలేసి రాత్రికి రాత్రి తెలుగునేల నుంచి దక్షిణానికి బయలుదేరిన కుటుంబాలు, కోవిల్‌పట్టి వైపు నల్లరేగడిలో అడవికి నిప్పుపెట్టి, పొలాలు చేసుకుని, ఊరు కట్టుకున్న కథ. రచయితది అక్కడి ఇడైసేవల్ గ్రామం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన రైతు ఆయన.

మొదట్లోనే ఒక ఘట్టం ఉంది. ఒంటరిగా నడిచి వస్తున్న స్త్రీ దాహానికి తట్టుకోలేక చెరువులో దిగుతుంది. నగల కోసం ఒక దొంగ ఆమెను నీళ్లలో తొక్కిపెట్టి చంపుతాడు. ప్రాణం పోతూ ఆమె వాడి కాలి బొటనవేలిని పళ్ల మధ్య బిగించి పట్టుకుంటుంది. ప్రాణం పోయినా ఆ పట్టు వదలదు. దొంగ అక్కడికక్కడే దొరికిపోతాడు. రచయిత ఎక్కడా గొంతు పెంచడు, ‘అయ్యో’ అనడు. చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

నా తమిళం బజారులో బేరమాడటానికి సరిపోతుంది కానీ ఆ పల్లె తమిళానికి చాలదు. పెన్సిలు పట్టుకుని, పైకి చదువుకుంటూ వెళ్లాను. మా వీధి చివర ఇస్త్రీ చేసే పెద్దాయనది కోవిల్‌పట్టి ప్రాంతం. అర్థం కాని సేద్యం సంగతులు ఆయన్నే అడిగాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వాన వెలిశాక ఆ రేగడిలో కాలు ఎంతవరకు దిగబడుతుందో పిక్క మీద చెయ్యి పెట్టి చూపించారు. ఆ తర్వాతే ఆ మనుషులు అడవి నరికి, కాల్చి, దున్నడం అంటే ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది.

కథ పరుగెత్తదు. ఊళ్లో ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ పేజీలు నడుస్తాయి. నాకు అవే ఎక్కువ నచ్చాయి. వలస వచ్చిన కథంతా మంగత్తాయారు అనే ముదుసలి నోట వింటాం. ఆవిడ నూరేళ్లు ఎప్పుడో దాటిన మనిషి. వలస వచ్చిన తెలుగువాళ్ల బతుకు ఇంత నిండుగా ఉన్న తెలుగు నవల నేను ఇంతవరకు చదవలేదు. అందుకే ఇక్కడ పుట్టి పెరిగి, తమిళం చదవడం వచ్చిన మన పిల్లలందరూ దీన్ని చదవాలని కోరుకుంటాను.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. దక్షిణానికి నడిచి వచ్చినవాళ్ల కథ ముగించగానే, ఇక్కడి నుంచి ఉత్తరానికి వెళ్లిన మన మనిషి గుర్తొచ్చాడు. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి భాష ఇంకొకరికి అనువదించి చెప్పే ఉద్యోగి. అప్పట్లో ఇక్కడి పెద్ద కోర్టు పేరు అదే. 1830 మే 18న పల్లకీలతో, పెద్ద పరివారంతో బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిలో స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన సంగతులే, ఆయన పోయాక, 1838లో పుస్తకమయ్యాయి.

ప్రయాణంలో తొలి మజిలీ తండయార్‌పేట తోట. ఇప్పుడక్కడ మెట్రో స్టేషను ఉంది. ఊరూరా ఆయన చూసేది ముందు నీళ్లు, తర్వాత అంగళ్లు, బస, దారి రాతినేలా రేగడా అన్నది. గుడి సంగతి ఎంత శ్రద్ధగా రాస్తాడో బియ్యం దొరుకుతాయా లేదా అన్నదీ అంతే శ్రద్ధగా రాస్తాడు. వెంట వచ్చినవాళ్లకు అన్నం పెట్టవలసిన మనిషి చూపు అది. ఆ బాధ్యత ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది కనుకే ఆయనంటే నాకు అంత గౌరవం. పాత వాక్యాలు కాబట్టి రోజుకు ఒకటి రెండు మజిలీలకు మించి చదవను. ఇంకా గోదావరి దాటలేదు.

తర్వాత చదవబోయేది ‘గోపల్లపురత్తు మక్కళ్’. మొదటి నవలకు కొనసాగింపు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నది. ఆ ఊరివాళ్ల మనవలు స్వాతంత్ర్యోద్యమం రోజుల్లో ఎలా బతికారో చూడాలని ఉంది. మంచం పక్కన పెట్టుకున్నాను కానీ కాశీ నుంచి తిరిగి వచ్చేదాకా ముట్టుకోను.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం కానీ నేను చదివిందంతా తమిళం, ఇంగ్లిషు. తెలుగు అక్షరాలు ఈ మధ్యే నేర్చుకున్నాను. దేనితో మొదలుపెట్టమంటారు? – ఒక విద్యార్థి, తాంబరం

జవాబు: నాయనా, నీ ఉత్తరం చదివి కళ్లు చెమర్చాయి. బడిలో దొరకని అక్షరాలను సొంతంగా నేర్చుకోవడం చిన్న విషయం కాదు. లావుపాటి నవలల జోలికి అప్పుడే వెళ్లకు. చాసో (చాగంటి సోమయాజులు) కథ ‘ఎందుకు పారేస్తాను నాన్నా’తో మొదలుపెట్టు. నాన్న చుట్టలు తెమ్మని పంపితే, చదువు ఆగిపోయిన పిల్లవాడు తన బడి ముందు నుంచే వెళ్లవలసి వస్తుంది. కథలో జరిగేది దాదాపు అంతే. వాక్యాలు పొట్టివి, మాటలు ఇంట్లో వినేవే. మొదటిసారి అక్షరాల కోసం చదువు, రెండోసారి ఆ పిల్లవాడి కోసం చదువు. ఎలా ఉందో నాకు తెలుగులోనే ఉత్తరం రాయి. తప్పులున్నా ఫరవాలేదు.

ప్రశ్న: మొదలుపెట్టిన పుస్తకం నచ్చకపోతే మధ్యలో వదిలేస్తారా? – ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: వదిలేస్తానండీ. కొన్నింటిని ఏళ్ల తర్వాత మళ్లీ తెరిచి ఇష్టంగా చదివిన సందర్భాలూ ఉన్నాయి.

ప్రశ్న: చెన్నైలో తెలుగు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? మా ఊరి నుంచి తెప్పించుకోవడమే గతా? – ఒక ఉద్యోగిని, వేళచ్చేరి

జవాబు: అక్కర్లేదమ్మా. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లండి. 1896లో తెరిచారు. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి అందుకోవలసిన గ్రంథాలయాల్లో అదొకటి. పుస్తకం పేరు, రచయిత పేరు కాగితం మీద రాసుకుని వెళ్తే సిబ్బందిని అడగడం సులువు. మీ ఇంటి నుంచి కోట్టూర్‌పురం అణ్ణా శతజయంతి గ్రంథాలయం ఇంకా దగ్గర. సొంత పుస్తకం తీసుకెళ్లి ప్రశాంతంగా చదువుకోవడానికి అక్కడ విడిగా చోటుంది. జనవరిలో సంక్రాంతి రోజుల్లో జరిగే పుస్తక ప్రదర్శన దాదాపుగా తమిళానిదే. అయినా వెళ్లండి, తమిళం చదవడం వస్తే ‘గోపల్ల గ్రామం’ అక్కడే కొనుక్కోవచ్చు.