ముందరి కాళ్లకు బంధం వేశాక

తల్లీ,

నువ్వు పంపిన డెక్ లిస్ట్ (ఆడే కార్డుల కట్ట జాబితా) మూడుసార్లు చూశాను. మిగతా కార్డులు వేయడానికి మానా అనే శక్తినిచ్చే ల్యాండ్‌లు 24, ఎదుటివాళ్ల చేతిలోంచి కార్డులు పడేయించే డిస్కార్డ్ కార్డులు 20, క్రీచర్లను (దాడి చేసే జీవుల కార్డులను) చంపేవి 10, గెలిపించడానికి క్రీచర్లు 6. మ్యాజిక్ ద గ్యాదరింగ్ కార్డుల ఆట మొదలుపెట్టిన ఏడాదికే ఎదుటివాళ్ల ముందరి కాళ్లకు బంధం వేసే డెక్ మీద మనసు పడ్డావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. నాకూ ఇదే ఆట ఇష్టం. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఈ లిస్ట్‌తో టోర్నమెంట్‌కి వెళ్తే ఎక్కువ ఆటలు ఓడిపోతావు.

నాకు ఎలా తెలుసంటే, నేను కట్టిన మొదటి డెక్ కూడా ఇలాంటిదే. ఒక ఆట ఇప్పటికీ మర్చిపోలేదు. నాలుగో టర్న్ అయ్యేసరికి అవతలి అబ్బాయి చేతిలో ఒక్క కార్డు కూడా లేదు. గెలిచేశాననుకున్నాను. తర్వాతి టర్న్‌లో అతను డెక్ మీంచి ఒక 3/3 క్రీచర్ (దెబ్బకి 3 లైఫ్ తీసేది) తీసి కింద పెట్టాడు. నేను తీసినవేమో ఒకదాని వెనక ఒకటి డిస్కార్డ్ కార్డులు. ఖాళీ చేతిలోంచి ఏం పడేయించను? థాట్‌సీజ్ అనే డిస్కార్డ్ కార్డులు రెండు వేసినందుకు నా లైఫ్ అప్పటికే 20 నుంచి 16కి దిగింది. ఆ ఒక్క క్రీచర్ ఆరు దెబ్బలు కొట్టింది, ఆట అయిపోయింది.

నీ లిస్ట్‌లో 24 ల్యాండ్‌లు, 20 డిస్కార్డ్‌లు కలిపితే 44. అవతలివాళ్ల చెయ్యి ఖాళీ అయ్యాక, 60 కార్డుల్లో ఈ 44లో ఏది వచ్చినా నీకు పనికిరాదు. వాళ్ల డెక్‌లో పనికిరానివి ల్యాండ్‌లు మాత్రమే. చెయ్యి ఖాళీ చేసింది నువ్వే అయినా, అక్కణ్ణుంచి ఆట వాళ్ల వైపు తిరుగుతుంది. అడ్డుకోవడం వల్ల నీకు దొరికేది నాలుగైదు టర్న్‌ల టైమ్. ఆ టైమ్‌లో వాళ్ల లైఫ్ సున్నాకి దించే క్రీచర్ ఒకటి టేబుల్ మీద ఉండి తీరాలి. దాన్నే క్లాక్ అంటారు. క్లాక్ లేకపోతే నువ్వు ఎంత అడ్డుకున్నా వాళ్లు కోలుకుంటారు.

కాబట్టి డిస్కార్డ్‌లను 8కి తగ్గించు, అన్నీ ఒక్క మానా ఖర్చయ్యేవే ఉండాలి. 8 ఉంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 65 శాతం. నాలుగే ఉంటే 40 శాతం. 12 పెడితే 81 శాతం అవుతుంది కానీ, ఆట సాగేకొద్దీ అవే నీ చేతిలో బరువవుతాయి. నా లెక్క ఇది: ల్యాండ్‌లు 23, డిస్కార్డ్ 8, రిమూవల్ (క్రీచర్లను చంపేవి) 9, క్రీచర్లు 15, కార్డులు తెచ్చిపెట్టేవి 5. క్రీచర్లలో ఎక్కువ భాగం రెండు మూడు మానావి చూసుకో. మొదటి టర్న్‌లో డిస్కార్డ్, రెండో టర్న్‌లో క్రీచర్. ఈ డెక్‌కి ఇంతకన్నా మంచి ఆరంభం లేదు. రావెనస్ ర్యాట్స్ లాంటివి ఇంకా నయం, లోపలికి వస్తూనే అవతలివాళ్ల చేత ఒక కార్డు పడేయిస్తాయి, తర్వాత కొట్టడానికి ఒంట్లో ఒకటో అరో బలం మిగులుతుంది.

ఏ డిస్కార్డ్‌లు అన్నది నువ్వు ఆడే ఫార్మాట్‌లో ఏవి చెల్లుతాయో చూసుకుని ఎంచుకో. థాట్‌సీజ్ ల్యాండ్ తప్ప దేన్నైనా తీయిస్తుంది, బదులుగా నీ లైఫ్ 2 పోతుంది. ఇన్‌క్విజిషన్ ఆఫ్ కోజిలెక్‌కి ఆ ఖర్చు లేదు, మూడు మానా దాటినవాటిని మాత్రం ముట్టుకోలేదు. డ్యూరెస్ క్రీచర్లను తీయలేదు. ఈ మూడూ చెయ్యి మొత్తం చూపిస్తాయి. వీటి విలువలో సగం ఆ చూడటంలోనే ఉందని నేను నమ్ముతాను.

అందుకే చెయ్యి చూసినప్పుడు తొందరపడకు. కొత్తవాళ్లు అన్నిటికన్నా భయంకరంగా కనిపించే కార్డును తీయిస్తారు. అవతలి చేతిలో రెండు ల్యాండ్‌లు, మానా ఇచ్చే ఎల్ఫ్ ఒకటి, మూడు మానా క్రీచర్లు రెండు, ఆరు మానా డ్రాగన్‌లు రెండు ఉన్నాయనుకో. డ్రాగన్‌ని వదిలెయ్, అది దిగేసరికి చాలా టర్న్‌లు పడుతుంది. తీయాల్సింది ఎల్ఫ్‌ని. అది పోతే, మూడో ల్యాండ్ దొరికేదాకా ఆ చెయ్యంతా కదలదు. కానీ నీ చేతిలో చవక రిమూవల్ ఉందా? అప్పుడు ఎల్ఫ్‌ని దిగనిచ్చి చంపుకోవచ్చు, డిస్కార్డ్‌తో ఇంకో కార్డు తీయించొచ్చు. ముందు నీ చెయ్యి చూసుకుని, దేనికి నీ దగ్గర జవాబు లేదో దాన్ని తీయించడమే నేను ఇన్నేళ్లుగా పాటిస్తున్న పద్ధతి. చూసిన కార్డులన్నీ కాగితం మీద రాసుకో. మ్యాచ్ మధ్యలో నోట్స్ రాసుకోవడానికి టోర్నమెంట్ రూల్స్ ఒప్పుకుంటాయి. మూడు టర్న్‌ల తర్వాత వాళ్ల చేతిలో ఇంకా ఏం మిగిలిందో నీకు తెలిసి ఉండటం ఎంత బలమో ఆడుతుంటే నీకే అర్థమవుతుంది.

మొదటి టర్న్‌లోనే డిస్కార్డ్ వేయాలంటే నల్ల మానా చేతికి రావాలి కదా. రెండు రంగులు కలుపుతానన్నావు. నలుపు ఇచ్చే ల్యాండ్‌లు 10 ఉంటే మొదటి ఏడు కార్డుల్లో ఒకటైనా వచ్చే అవకాశం 74 శాతం, 14 ఉంటే 86 శాతం. ట్యాప్ అయి దిగే (దిగిన టర్న్‌లో మానా ఇవ్వని) ల్యాండ్‌లను ఈ లెక్కలో కలపకు. ఒక్క టర్న్ ఆలస్యమైతే డిస్కార్డ్ విలువ బాగా పడిపోతుంది, ముఖ్యంగా అవతలివాళ్లు మొదట ఆడినప్పుడు. నీ టర్న్ వచ్చేసరికి వాళ్ల మంచి కార్డు టేబుల్ మీదకి దిగిపోయి ఉంటుంది.

రెండో రంగు గురించి ఒక మాట. నీలం కలిపితే కౌంటర్‌లు (వాళ్లు వేసే కార్డును అక్కడే ఆపేవి) వస్తాయి, కానీ రెండు మానా తెరిచి పెట్టుకుని కూర్చుంటే నీ క్రీచర్ ఎప్పుడు దిగుతుంది? పైగా మానా లీక్ లాంటి కౌంటర్ మొదట్లో పదునుగా ఉంటుంది, వాళ్ల దగ్గర ల్యాండ్‌లు పెరిగాక మూడు మానా కట్టేసి తప్పించుకుంటారు. తెలుపు కలిపి ‘థాలియా, గార్డియన్ ఆఫ్ థ్రేబెన్’ అనే క్రీచర్ పెడదామని నీకు అనిపించవచ్చు. అది దిగితే క్రీచర్ కాని ప్రతి స్పెల్‌కీ (మానా ఖర్చుపెట్టి వేసే కార్డుకీ) ఒక మానా ఎక్కువ అవుతుంది, నీ డిస్కార్డ్‌లకీ రిమూవల్‌కీ కూడా. ఇద్దరికీ తగిలే కార్డు పెట్టేముందు అది నీ డెక్‌లో ఎన్ని కార్డులను కుంటుపరుస్తుందో లెక్కపెట్టు. నేను చెప్పిన 60లో 22 కార్డులు దెబ్బతింటాయి. థాలియా చక్కటి కార్డే, డెక్ నిండా క్రీచర్లు ఉన్నవాళ్లకి. నేనైతే నీకు ప్రస్తుతానికి ఒక్క నలుపే చాలంటాను.

సైడ్‌బోర్డ్‌లో (గేమ్‌కీ గేమ్‌కీ మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచుకునే కట్టలో) 15 దాకా కార్డులు ఉండొచ్చు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకు. లైఫ్ మీద నేరుగా దెబ్బలు వేసే ఎర్ర డెక్‌లు ఎదురైతే, రెండో గేమ్‌కి థాట్‌సీజ్‌లు తీసేసి చవక రిమూవల్ తెచ్చుకో. ఎవరి మీద ఏది తీసి ఏది పెట్టాలో ఇంట్లోనే రాసుకో, అక్కడ ఆలోచిస్తూ కూర్చోకు.

ఇక సరిచేసుకోవడం. నువ్వు ఒక్కరోజు ఓడిపోతే 12 కార్డులు మార్చేస్తావని నాకు తెలుసు. అలా చేస్తే ఏ మార్పు పనిచేసిందో ఎప్పటికీ తేలదు. ఒకసారికి రెండు కార్డులే మార్చు, పది ఆటలు ఆడు, సగం నువ్వు మొదట ఆడి, సగం వాళ్లని మొదట ఆడనిచ్చి. పది ఆటల్లో ఎన్ని గెలిచావన్నది పెద్దగా ఏమీ చెప్పదు, అదృష్టం అంతకన్నా ఎక్కువ ఊగుతుంది. ఆట అయ్యాక చేతిలో ఏ కార్డు వాడకుండా మిగిలిందో, ఏ టర్న్‌లో నీకు చేయడానికి ఏమీ లేకపోయిందో రాయి. నాలుగైదు ఆటల్లో అదే పేరు కనపడితే దాన్ని తీసెయ్. సైడ్‌బోర్డ్ మార్చాక ఆడే గేమ్‌లు కూడా ఇందులో చేర్చు, మ్యాచ్‌లో కనీసం సగం అవే కదా.

ఇంకొక్కటి, ఇది నాకు ముఖ్యం. ఇలాంటి డెక్ ఎదుట కూర్చున్నవాళ్లకి చాలా విసుగొస్తుంది, ఏమీ చేయలేకపోతున్నామన్న బాధ ఉంటుంది. నువ్వు చకచకా ఆడు. వాళ్ల చెయ్యి చూసేటప్పుడు నవ్వకు, కార్డుల మీద వ్యాఖ్యలు చేయకు. గెలుపు ఖాయమైతే సాగదీయకుండా క్రీచర్లతో కొట్టి ముగించు.

కొత్త లిస్ట్‌తో పది ఆటలు ఆడి, ఆ నోట్స్ పేజీలు ఫోటో తీసి పంపు. నా అనుమానం ఐదు మానా ఖర్చయ్యే క్రీచర్ల మీద ఉంది. చూద్దాం, నీ చేతిలో ఎక్కువసార్లు మిగిలిపోయేది అవేనో కాదో.

మావయ్య